పాల బండి వెనుక చక్రాల బ్రేకులు: లోపం ఎక్కడున్నదో కనిపెట్టే విధానం

సంఘంలో కొలిచి పోసిన పాలు శీతలీకరణ కేంద్రం చేరేవరకు వాటి మంచిచెడ్డలకు సంఘమే బాధ్యత వహించవలసి ఉన్నది. ఆ మధ్య దారిలో పాలను మోసేది రూటు బండి. వెన్న శాతం గురించి, డబ్బాల శుభ్రత గురించి సర్వసభ్య సమావేశాలలో గంటల తరబడి చర్చ జరుగుతుంది. బండి బ్రేకుల గురించి ఒక్కరు కూడా అడగగా మేము వినలేదు. బండి ఆలస్యమైతే అడుగుతారు, పాలు విరిగితే అడుగుతారు. ఆ ఆలస్యానికి వెనుక చక్రంలోని రూపాయి బిళ్ళంత రబ్బరు కప్పు కారణమై ఉండవచ్చునని మాత్రం తట్టదు.

ఇప్పుడు చాలా సంఘాల పాలు మూడు చక్రాల సరుకు ఆటోలలోనో, చిన్న నాలుగు చక్రాల ట్రాలీ బండ్లలోనో వెళుతున్నవి. వీటి వెనుక చక్రాలకు ఎక్కువగా ఉండేది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే డ్రమ్ము బ్రేకు. దీనినే హైడ్రాలిక్ బ్రేకు అంటారు. బండి నడిపేది సాధారణంగా సంఘ సభ్యుడో, సభ్యుని కుమారుడో అయి ఉంటాడు. మెకానిక్ ఉండేది మండల కేంద్రంలో. తెల్లవారుజామున 5 గంటలకు బ్రేకు తగ్గిందని తెలిస్తే ఆ డ్రైవరు చేసేది ఒక్కటే. సీట్ల కింద ఉన్న సీసాలోని ఆయిల్ కాస్త పోసి, పెడల్ నాలుగుసార్లు తొక్కి, బయలుదేరతాడు. ఈ అలవాటు గురించే ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచాము.

యంత్ర విద్యలో డిప్లొమా చదివి సహకార శాఖలో చేరిన వారము కనుక తనిఖీకి వెళ్లినచోట లెక్కల పుస్తకాలతోపాటు బండి కిందికి కూడా ఒకసారి తొంగి చూసే అలవాటు మాకున్నది. అక్కడ కనిపించినవే ఇక్కడ వ్రాస్తున్నాము.

బ్రేకు ఆయిల్ ఖర్చయ్యే వస్తువు కాదు

డీజిల్ కాలిపోతుంది. ఇంజను ఆయిల్ కూడా కొంత హరించుకుపోతుంది. బ్రేకు ఆయిల్ అటువంటిది కాదు. అది మూసి ఉన్న పైపులలో ముందుకు వెనుకకు కదులుతుందే తప్ప ఎక్కడికీ పోదు. లైనింగులు అరిగేకొద్దీ నెలల తరబడిలో మట్టం కొద్దిగా దిగవచ్చు. వారానికి ఒకసారి పోయవలసి వస్తున్నదంటే మాత్రం అది ఎక్కడో కారుతున్నదన్నమాటే. ఎక్కడికి పోయిందో తెలుసుకోకుండా మళ్లీ పోయడమంటే, అడుగు చిల్లుపడిన డబ్బాలో పాలు పోసి లెక్క సరిచూసుకోవడం వంటిది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే మిగిలినదంతా సులభం. పశువైద్యుని చేతిలోని సూదిమందు గొట్టం అందరికీ తెలుసు. వెనుక కాడను నొక్కితే లోపలి మందు ముందుకు వస్తుంది. అటువంటి గొట్టాలు రెండింటిని సన్నని పైపుతో కలిపి, నిండా నీళ్లు నింపి, ఒకదాని కాడను నొక్కితే రెండవదాని కాడ బయటికి నెట్టబడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే. బండిలో పెడల్ కింద ఉన్న మాస్టర్ సిలిండర్ మొదటి గొట్టం. చక్రం లోపల ఉన్న వీల్ సిలిండర్ రెండవది. వీల్ సిలిండర్‌లో రెండు చిన్న పిస్టన్లు, వాటి వెనుక రెండు రబ్బరు కప్పులు ఉంటాయి. ఆయిల్ ఒత్తిడికి పిస్టన్లు రెండు పక్కలకూ జరిగి బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతాయి. కాలు తీసినప్పుడు స్ప్రింగులు షూలను వెనుకకు లాగుతాయి, ఆయిల్ తిరిగి మాస్టర్ సిలిండర్‌కు వస్తుంది.

నీటిని, ఆయిల్‌ను ఎంత నొక్కినా అణగవు. గాలి అణుగుతుంది. హైడ్రాలిక్ బ్రేకులోని గొప్పతనమంతా, బలహీనత అంతా ఈ చిన్న తేడాలోనే ఉన్నది.

వోచర్లలో కనిపించిన కారుడు

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. ఊరి పేరు అవసరం లేదు. రూటు ఆటో 9 డబ్బాలతో చెరువు కట్ట దిగుతున్నది. గేదెలు అడ్డం వచ్చినవి. డ్రైవరు బ్రేకు తొక్కగా కుడి వెనుక చక్రం పట్టింది, ఎడమ చక్రం పట్టలేదు. బండి గిరుక్కున తిరిగి కట్ట పక్కకు ఒరిగింది. పాలు పోయినవి సరే, డబ్బాల పక్కన కూర్చుని బడికి వెళుతున్న కుర్రవాని కాలు విరిగింది.

డ్రైవరు తప్పని కొందరు, గేదెల యజమాని తప్పని కొందరు వాదించుకున్నారు. మేము తనిఖీకి వెళ్లి ఆ నెల రవాణా వోచర్లు తిరగవేస్తే బ్రేకు ఆయిల్ సీసాలకు 3 రసీదులు ఉన్నవి. మూడు సీసాల ఆయిల్ ఎక్కడికి పోయి ఉంటుంది? డ్రమ్ము విప్పించి చూశాము. ఎడమ వీల్ సిలిండర్ కప్పు పెదవి చిరిగి ఉన్నది. షూలు రెండూ ఆయిల్‌లో నానిన రొట్టెముక్కల వలె ఉన్నవి. టైరు లోపలి గోడమీద పైనుంచి కిందికి నల్లని జిడ్డు చారలు. రోజూ చూసే చోటే ఉన్నది, బయటివైపు కాక లోపలివైపు ఉన్నది, అంతే.

ఒక డబ్బా పాల ధరలో చిన్న భాగం పెడితే ఆ కప్పుల కిట్టు వచ్చి ఉండేది.

ముందు పెడల్‌ను అడగాలి

చక్రం విప్పకముందే లోపం సగం పెడల్ దగ్గర తెలిసిపోతుంది. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందు వెనుక రాళ్లు పెట్టి, కాలితో పెడల్‌ను నెమ్మదిగా తొక్కి చూడవలెను. హడావుడిగా టకటకా తొక్కితే ఏమీ తెలియదు.

మొదటిసారి పెడల్ చాలా లోతుకు పోయి, వెంటనే రెండవ, మూడవసారి తొక్కితే పైకి వచ్చి గట్టిగా నిలిచిందనుకోండి. ఇది చాలావరకు షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగినందువల్ల. లైనింగ్ అరిగింది, లేదా సర్దుబాటు చేయలేదు. ఆయిల్ పోసినందువల్ల ఇది బాగుపడదు. అడ్జస్టర్ తిప్పి సందు తగ్గించాలి. చక్రాన్ని పైకి లేపి, చేత్తో తిప్పుతూ, షూ తగిలి చక్రం ఆగేవరకు బిగించి, తరువాత స్వేచ్ఛగా తిరిగేంతవరకు మాత్రమే వదలవలెను. తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉన్న బండ్లలో అది తుప్పుపట్టి బిగుసుకుపోయిందేమో చూడాలి.

పెడల్ దూదిదిండును తొక్కినట్లు మెత్తగా, సాగుతున్నట్లు ఉంటే పైపులలో గాలి చేరింది. గాలి దానంతట అది రాదు. ఆయిల్ మట్టం పూర్తిగా దిగిపోయినప్పుడో, ఎక్కడైనా బిగింపు వదులైనప్పుడో, మరమ్మతు తరువాత గాలి సరిగా తీయనప్పుడో చేరుతుంది. కనుక గాలి తీసి ఊరుకోకుండా, వచ్చిన దారి కూడా వెదకవలెను.

పెడల్ మొదట గట్టిగానే ఉండి, కాలు అలాగే అదిమి ఉంచితే నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటే అది ఒత్తిడి నిలవడం లేదనడానికి గుర్తు. మూడింటిలోనూ దీనికే ఎక్కువ భయపడవలసి ఉన్నది. ఇక్కడ రెండు దారులున్నవి. ఆయిల్ మట్టం కూడా దిగుతున్నట్లయితే బయటికి కారుతున్నది: వీల్ సిలిండర్, లోహపు పైపు, రబ్బరు హోసు, కలుపుల దగ్గర చూడాలి. ఆయిల్ మట్టం దిగకుండా పెడల్ మాత్రమే జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు అరిగి, ఆయిల్ దానిని దాటి వెనక్కు పోతున్నది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు. ఇటువంటి బండికి వెనుక చక్రాలు రెండూ విప్పి, కిట్లు మార్చి, డబ్బు ఖర్చు చేసి, చివరకు బ్రేకు మళ్లీ అలాగే ఉన్నదని వాపోయిన యజమానులను చూశాము.

పెడల్ రాయిలా గట్టిగా ఉన్నా బండి ఆగకపోతే ఆయిల్ సంగతి కాకపోవచ్చు. లైనింగ్ ఉపరితలం అద్దంలా మెరిసిపోయి ఉండవచ్చు, జిడ్డు పట్టి ఉండవచ్చు, వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుతో బిగిసి ఉండవచ్చు. లోపల వాచిపోయిన రబ్బరు హోసు కూడా ఇదే లక్షణం చూపుతుంది. చిన్న ట్రాలీ బండ్లలో బ్రేకు బలం పెంచే వ్యాక్యూమ్ బూస్టర్ ఉంటుంది. అటువంటి బండిలో ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి తొక్కిపట్టి ఇంజను స్టార్టు చేయాలి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్లు. దిగకపోతే దాని గొట్టం చూడాలి.

హ్యాండ్ బ్రేకు చెప్పే సాక్ష్యం

చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు ఆయిల్‌తో సంబంధం లేకుండా తీగతో వెనుక షూలనే లాగుతుంది. ఇది మనకు మంచి సాక్షి. ఖాళీ బండిని మైదానంలో నడక వేగంతో పోనిచ్చి హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి చూడండి. పెడల్‌తో పట్టని చక్రాలు హ్యాండ్ బ్రేకుతో పట్టితే షూలు, లైనింగులు, డ్రమ్ములు బాగున్నవి, లోపం ఆయిల్ దారిలో ఉన్నది. రెండింటితోనూ పట్టకపోతే ముందు డ్రమ్ములే విప్పవలెను. కొన్ని రకాల ఆటోలలో హ్యాండ్ బ్రేకు లేకుండా పెడల్‌ను తొక్కిపట్టి ఉంచే గొళ్ళెం మాత్రమే ఉంటుంది. అక్కడ ఈ పరీక్ష పనికిరాదు.

బండి ఒక పక్కకు లాగుతుంటే ఏ పక్కకు లాగితే ఆ చక్రాన్నే విప్పడం మామూలు. అది సాధారణంగా బాగా పట్టే చక్రం. పట్టనిది రెండవది. అయితే కొద్దిపాటి ఆయిల్ తగిలిన లైనింగ్ ఒక్కొక్కప్పుడు జిగురు అంటుకున్నట్లు పట్టివేస్తుంది కూడా. కనుక ఒకదానితో సరిపెట్టుకోకుండా రెండు డ్రమ్ములూ విప్పించడమే మంచిది. రెండు పక్కలా లైనింగులు ఒకేసారి, ఒకే రకానివి వేయించవలెను. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే చెరువు కట్ట మీద జరిగినదే మళ్లీ జరుగుతుంది.

మరొక తేలిక పరీక్ష: నాలుగైదు కిలోమీటర్లు మామూలుగా నడిపి ఆపిన తరువాత రెండు వెనుక డ్రమ్ముల దగ్గరకు అరచేతి వెనుకభాగం తీసుకువెళ్లి వేడి చూడండి. తాకవద్దు, కాలుతుంది. ఒకటి వెచ్చగా, మరొకటి చల్లగా ఉంటే చల్లనిది పనిచేయడం లేదు. ఒకటి మరీ మండుతూ ఉంటే అది విడవడం లేదు. వేడెక్కిన డ్రమ్ము మీద చల్లని నీళ్లు కుమ్మరించేవారు ఉన్నారు. ఇనుము చిట్లుతుంది, అలా చేయకూడదు.

బ్రేకు విడవకపోవడం

బ్రేకు పట్టకపోతే అందరూ గోల చేస్తారు. విడవకపోతే ఎవరూ గమనించరు. డీజిల్ ఎక్కువ తాగుతున్నదని, ఇంజనులో బలం లేదని అనుకుంటారు. చివరకు డ్రమ్ము వేడికి వీల్ సిలిండర్ కప్పులు గట్టిపడి కారడం మొదలుపెడతాయి.

పెడల్‌కు, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు మధ్య కొద్దిపాటి వదులు ఉండితీరాలి. ఎందుకంటే మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఒకటి ఉన్నది. కాలు తీసినప్పుడు అధిక ఒత్తిడి ఆ రంధ్రం ద్వారా పైనున్న ఆయిల్ గిన్నెలోకి పోవాలి. పెడల్‌లో వదులు లేకుండా బిగిస్తే పిస్టన్ పూర్తిగా వెనుకకు రాక రంధ్రం మూసుకునే ఉంటుంది. మురికి చేరినా అంతే. బ్రేకు బాగా పట్టాలని పెడల్ కడ్డీని బిగించివేసే మెకానిక్కులు ఈ సంగతి మరచిపోతారు.

విడవని చక్రాన్ని పైకి లేపి, తిరగనప్పుడు దాని వెనుకనున్న బ్లీడింగ్ నిపిల్‌ను కొంచెం వదులుచేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం తిరగడం మొదలుపెడితే ఒత్తిడి లోపల చిక్కుకున్నది. మాస్టర్ సిలిండర్‌లోనో, లోపల వాచిన హోసులోనో లోపమున్నది. నిపిల్ విప్పినా తిరగకపోతే స్ప్రింగు నీరసించడం, పిస్టన్ బిగియడం, హ్యాండ్ బ్రేకు తీగ తుప్పుపట్టి వెనుకకు రాకపోవడం వంటి ఇనుప సామాను లోపాలు చూడాలి. పాల బండ్లలో ఈ తీగ తుప్పు మరీ ఎక్కువ. డబ్బాలు కడిగిన నీళ్లు, ఒలికిన పాలు, వాషింగ్ సోడా నీళ్లు రోజూ ట్రాలీ సందుల గుండా సరిగ్గా వెనుక ఇరుసు మీదనే కారుతుంటాయి. ఆయిల్ పోయే లోహపు పైపు కూడా ఆ తడిలోనే ఉంటుంది. పైపు మీద పొక్కులు లేచినట్లు తుప్పు కనిపిస్తే గోకి రంగు వేయడం కాదు, మార్చవలెను. డబ్బాలను బండి మీద పెట్టి కడగవద్దని సంఘాలకు మేము చెప్పే కారణాలలో ఇది కూడా ఒకటి.

ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పోయరాదు

గిన్నె మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో అచ్చు వేసి ఉంటుంది. అదే పోయవలెను. ఇవి నూనెలు కావు, గ్లైకాల్ జాతికి చెందిన ద్రవాలు. ఇంజను ఆయిల్, గేరు ఆయిల్, కొబ్బరినూనె, ఆముదం చేతికి జిడ్డుగా తగులుతాయి కనుక అవీ ఇవీ ఒకటేననుకోవడం పెద్ద పొరపాటు. ఇంజను ఆయిల్ తగిలితే బ్రేకులోని రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. ఒక బండికి అర్ధరాత్రి అవసరానికి డ్రైవరు గేరు ఆయిల్ పోసినాడు. మూడవ రోజుకు మూడు చక్రాలూ బిగుసుకుపోయినవి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోసులు ఒక్కటి మిగలకుండా మార్చి, లోహపు పైపులన్నీ కడిగించవలసి వచ్చినది. కప్పులను కిరోసిన్‌తో, పెట్రోలుతో కడగడం కూడా ఇటువంటిదే. శుభ్రమైన కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి.

ఈ ద్రవానికి ఒక గుణం ఉన్నది. వానాకాలంలో మూత తీసిన ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్లు ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానివల్ల ఏమి నష్టమంటే, డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చు. డాట్ 4 కు ఈ అంకెలు 230, 155. పల్లపు దారిలో నిండు బరువుతో బ్రేకు తొక్కిపట్టి దిగుతుంటే డ్రమ్ముల వేడి వీల్ సిలిండర్‌కు ఎక్కుతుంది. లోపలి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి గాలి వలె అణుగుతుంది కనుక పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది.

ఇందులో మోసం ఏమిటంటే, బండి చల్లారిన తరువాత ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ మామూలుగా ఉంటుంది. మెకానిక్ చూసి అన్నీ బాగున్నవంటాడు. డ్రైవరు అబద్ధమాడాడని అందరూ అనుకుంటారు. పలమనేరు నుండి చిత్తూరు వైపు మొగిలి ఘాటు దిగేవారు, అరకు ఘాటు దారిలో తిరిగేవారు ఇది ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజను పట్టుమీదనే దిగాలి, బ్రేకు విడతలు విడతలుగా తొక్కాలి. న్యూట్రల్ చేసి డీజిల్ ఆదా చేద్దామనుకునే డ్రైవరును ఘాటు రూటుకు పంపకూడదు. పెడల్ గట్టిగానే ఉండి పట్టు మాత్రం తగ్గితే అది వేరు. లైనింగ్ వేడెక్కి జారుతున్నది, ఆయిల్ మరగలేదు. దానికి మందు ఆగి చల్లారనివ్వడం.

ఆయిల్‌ను రెండేళ్లకు ఒకసారి పూర్తిగా మార్చడం మంచి పద్ధతి. బండితో వచ్చిన పుస్తకంలో అంతకంటే తక్కువ గడువు ఉంటే అదే పాటించవలెను. సగం వాడి నెలల తరబడి సీట్ల కింద దొర్లుతున్న సీసాలోని ఆయిల్ వాడరాదు.

గాలి తీయడం

దీనికి ఇద్దరు మనుషులు, సరిపోయే రింగు పానా, నిపిల్‌కు తొడిగే సన్నని పారదర్శక గొట్టం, గాజు సీసా ఒకటి కావాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటె దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రానికి రావడం సాధారణ పద్ధతి. బండి పుస్తకంలో మరొక వరుస చెప్పి ఉంటే దానిని పాటించాలి. సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి గొట్టం కొన అందులో మునిగేలా ఉంచాలి. ఒకరు పెడల్ తొక్కి అదిమిపట్టుకుంటారు. రెండవవారు నిపిల్ పావు చుట్టు విప్పితే ఆయిల్‌తోపాటు బుడగలు వస్తాయి. నిపిల్ మూసిన తరువాతనే, "మూశాను" అని చెప్పిన తరువాతనే, పెడల్ మీది కాలు తీయవలెను. ముందే తీస్తే వచ్చిన గాలి వచ్చినట్లే తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగేవరకు ఇలా చేయాలి. మధ్య మధ్య పైగిన్నెలో ఆయిల్ పోస్తూ ఉండాలి. గిన్నె ఖాళీ అయితే మొదటికి వచ్చినట్లే. తీసిన ఆయిల్‌ను తిరిగి పోయకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఈ పనికి సంఘంలోని పాల నమూనా సీసాలను వాడడం రెండు మూడుచోట్ల చూశాము. బ్రేకు ఆయిల్ విషపదార్థం. అది తగిలిన సీసాను, గరాటును, గుడ్డను పాల దగ్గరకు తిరిగి రానివ్వకూడదు. ఆయిల్ పోసిన చేతులతో డబ్బా మూతలు పట్టరాదు, సబ్బుతో కడుక్కోవాలి. రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. కొన్ని రకాల లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడవవలెను. ఆయిల్‌లో నానిన లైనింగ్‌ను ఎండబెట్టి, గరకు కాగితంతో రుద్ది తిరిగి వేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. అది నిలవదు. లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి వస్తుంది.

బరువు, కమాను పట్టీలు

40 లీటర్ల డబ్బా పాలతో నిండితే డబ్బాతో కలిపి ఇంచుమించు 50 కిలోలు తూగుతుంది. పది డబ్బాలంటే అర టన్ను. ఆ బరువంతా పడేది వెనుక చక్రాల మీదనే. ఖాళీగా ఉన్నప్పుడు బాగున్న బ్రేకు నిండుగా ఉన్నప్పుడు బాగుంటుందని నమ్మరాదు. వేగం రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో పట్టిన బ్రేకును చూసి 40 లో ధైర్యం చెప్పుకోకూడదు. సగం నిండిన డబ్బాలలో పాలు ముందుకు తన్ని మరికొంత తోస్తాయి.

చిన్న ట్రాలీ బండ్లలో కొన్నింటికి వెనుక ఇరుసు దగ్గర చిన్న వాల్వు ఒకటి, దానికి ఒక కడ్డీయో స్ప్రింగో ఉంటుంది. ట్రాలీ బరువుతో కిందికి దిగితే వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి, ఖాళీగా పైకి లేస్తే తక్కువ ఒత్తిడి పంపడం దాని పని. ఎక్కువ డబ్బాలు ఎక్కించడానికి కమానుకు అదనపు పట్టీ వేయిస్తే ట్రాలీ బరువులోనూ పైకే ఉంటుంది. వాల్వు బండి ఖాళీగా ఉన్నదనుకుంటుంది. పాలు నిండుగా, వెనుక బ్రేకు సగమే. బ్రేకులో వెదికినంతకాలం ఈ లోపం దొరకదు. అందువల్ల పట్టీలు వేయించారా అని ముందే అడగడం మంచిది.

నడుస్తుండగా బ్రేకు పోతే పెడల్‌ను వెంటవెంటనే తొక్కుతూ గేర్లు ఒక్కొక్కటే తగ్గించి, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగవలెను. తాళంచెవి తీయరాదు. స్టీరింగు బిగుసుకోవచ్చు, బూస్టర్ బలమూ పోతుంది. వానలో వాగు దాటిన తరువాత డ్రమ్ములలో నీరు చేరి బ్రేకు పట్టదు. కొంతదూరం నెమ్మదిగా, బ్రేకు తేలికగా తొక్కుతూ పోతే ఆరుతుంది.

సంఘం చేయవలసినది

రవాణా ఒప్పందం వ్రాసుకునేటప్పుడు కిలోమీటరుకు ఇంత అని, ఆలస్యానికి ఇంత కోత అని వ్రాస్తున్నారు. బ్రేకులు ఎవరు చూపించాలి, ఖర్చు ఎవరిది, బ్రేకు తగ్గిందని డ్రైవరు చెబితే ఆ పూట పాలు ఎలా పంపాలి అనేవి ఏ ఒప్పందంలోనూ మాకు కనిపించలేదు. ఆలస్యానికి కోత ఉండి, మరమ్మతుకు దారి లేకపోతే డ్రైవరు సీసా వంచి బయలుదేరక ఏమి చేస్తాడు? బ్రేకు లోపం ముందుగా తెలియజేసి ఆపిన పూటకు కోత విధించరాదని పాలకవర్గం తీర్మానించడం న్యాయం. అటువంటి పూట పక్క రూటు బండిని పిలిపించే ఏర్పాటు ముందే మాట్లాడి ఉంచుకోవలెను. డబ్బాల మీద, పక్కన పిల్లలను ఎక్కించుకోకూడదని కూడా ఆ తీర్మానంలోనే వ్రాయించండి.

సంఘంలో ఒక చిన్న నోటు పుస్తకం చాలు. ఉదయం డబ్బాలు ఎక్కించకముందు బ్రేకు ఆయిల్ మట్టం, వెనుక టైర్ల లోపలి గోడలు, 30 లెక్కపెట్టేవరకు అదిమిపట్టిన పెడల్ నిలిచినదీ లేనిదీ డ్రైవరు చూసి సంతకం చేయాలి. ఆయిల్ పోస్తే తేదీ, ఎంత పోసినదీ వ్రాయాలి. నెలాఖరున రవాణా బిల్లు చెల్లించే ముందు కార్యదర్శులు ఆ పుస్తకాన్ని తెప్పించి, ఒకే నెలలో రెండవసారి ఆయిల్ పోసినట్లుంటే బండిని మెకానిక్ వద్దకు పంపి, వెనుక డ్రమ్ములు రెండూ విప్పించి చూసిన తరువాతనే బిల్లు మీద సంతకం చేయవలసినదిగా కోరుతున్నాము.